కచో గారి క్యాసెట్టు

2024 జులైలో జపాన్‌లో కొత్త పదివేల యెన్ల నోటు వచ్చింది. దాని మీద షిబుసావా ఎయిచి బొమ్మ వేశారు. ఆ దేశంలో బ్యాంకులకీ, కంపెనీలకీ పునాది వేసినవాళ్లలో ముందు వరసలో చెప్పుకునే మనిషి ఆయన. నోటు ఫొటో మా పాత ఆఫీసు వాళ్ల వాట్సాప్ గ్రూపులో చూడగానే నాకు ఇంకో షిబుసావా గుర్తొచ్చాడు. షిబుసావా కో. నిజానికి ఆ పేరు గల మనిషి లేడు. కోయెయి అనే గేమ్ కంపెనీ పెట్టిన ఎరికావా యోయిచి గారు పెట్టుకున్న కలం పేరది. ఎయిచి గారి మీద గౌరవంతో ఇంటిపేరు ఆయన దగ్గర తీసుకున్నారు, రెండో ముక్క కంపెనీ పేరులోంచి. ఆ కోయెయి తెచ్చిన ఒక పాత ఆటని టోక్యో ఆఫీసులో నా పైఅధికారి కచో గారూ నేనూ కలిసి ఇంగ్లీషులోకి మార్చాం. జపాన్‌లో నేను గడిపిన ఏళ్లన్నిట్లోకీ నాకు బాగా ఇష్టమైన రోజులవి.

నేను టోక్యో వెళ్లింది 2004లో. నిషి-కసాయిలో ఉండేవాణ్ని. వైటూకే పనుల మీద, అంటే 2000 సంవత్సరానికి కంప్యూటర్లలో తేదీలు సరిచేసే పనుల మీద వచ్చిన మనవాళ్లు అప్పటికే అక్కడ స్థిరపడి ఉన్నారు. అద్దె ఇల్లు చూపించడం దగ్గర్నుంచి కందిపప్పు ఎక్కడ దొరుకుతుందో చెప్పడం దాకా అన్నీ వాళ్లే చూసుకునేవాళ్లు. తోజాయి లైన్లో ఆఫీసుకి పోవడం, పొద్దుపోయాక రావడం, ఆదివారం జపనీస్ క్లాసు. పలుకుకి ఒక అక్షరం చొప్పున ఉండే హిరగానా, కటకానా లిపులు తొందరగానే పట్టుబడ్డాయి. ఒక్కో గుర్తుకి ఒక్కో అర్థం ఉండే కాంజీ దగ్గరకొచ్చేసరికి బండి కదిలేది కాదు.

కచో అంటే సెక్షన్ చీఫ్. అక్కడ ఆఫీసుల్లో పైవాళ్లని హోదాతోనే పిలుస్తారు కాబట్టి ఇప్పటికీ నాకాయన కచో గారే. నలభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు, పని విషయంలో మాత్రం కచ్చితం. ఒక రోజు భోజనాల వేళ నేను కటకానా గబగబా చదవడం చూసి, "నీకు కటకానా ఒక్కటే వస్తే సరిపోయే పని నా దగ్గరొకటుంది, చేస్తావా?" అని అడిగారు.

సంగతేమిటంటే, ఆయన తమ్ముడు వ్యాంకూవర్‌లో స్థిరపడ్డాడు. తమ్ముడి కొడుక్కి పన్నెండేళ్లు. జపనీస్ మాట్లాడతాడు గానీ చదవలేడు. చిన్నప్పుడు అన్నదమ్ములిద్దరూ పక్కపక్కన కూర్చుని ఆడుకున్న ఆట గురించి వాళ్ల నాన్న చెప్పగా చెప్పగా పిల్లాడికి అది ఆడాలని పట్టుకుంది. ఆట 'నోబునాగా నో యబో', నోబునాగా రాజ్యకాంక్ష. 1983 నాటిది. దీని తర్వాతి రూపాలు ఇంగ్లీషులో వచ్చాయి, నింటెండో మెషీన్ మీద 1989లో అమెరికాలో అమ్మారు కూడా. కానీ పిల్లాడికి కావలసింది నాన్న ఆడిన ఆట. దాన్ని ఇంగ్లీషులోకి మార్చాలి. బయట పంచడానికి కాదు, అమ్మడానికి అసలే కాదు, ఆ ఒక్క ఇంటి కోసం. కచో గారు ఈ మాట మొదట్లోనే తేల్చి చెప్పారు, చివరిదాకా దాని మీదే ఉన్నాం.

కోయెయి ఎలా పుట్టిందో కూడా ఆయనే చెప్పారు. ఎరికావా గారిది తోచిగి ప్రిఫెక్చర్‌లోని అషికాగా. బట్టలకి వేసే రంగుల వ్యాపారం వాళ్లది. 1978లో మొదలైన కోయెయి కూడా ముందు రంగులూ, ఫ్యాక్టరీలకి కావలసిన రసాయనాలూ అమ్మే కంపెనీయే. 1980లో ఆయన ముప్ఫయ్యో పుట్టినరోజుకి భార్య కెయికో గారు షార్ప్ ఎంజెడ్-80సీ కంప్యూటర్ కొనిచ్చారు. వ్యాపారం అంతంతమాత్రంగా నడుస్తున్న ఇంట్లో అదేమీ చిన్న ఖర్చు కాదు. ఆయన దాని మీద బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుని, చరిత్ర మీద ఉన్న పిచ్చి ఇష్టంతో 1981లో 'కవానకజిమా నో కస్సెన్' అనే యుద్ధం ఆట రాశారు. రెండేళ్లకి నోబునాగా వచ్చింది. ఆ పుట్టినరోజు కానుక ఈ మొత్తం కథకి మూలం. కెయికో గారికి దక్కాల్సినంత పేరు దక్కలేదని నా అభిప్రాయం.

ఆట 16వ శతాబ్దంలో జరుగుతుంది. దేశం ముక్కలుగా చీలి, ఎవరి కోటలో వాళ్లు రాజులై కొట్టుకుంటున్న కాలం. నడి జపాన్‌లో 17 రాజ్యాలు. 1560లో ఓకెహజామా దగ్గర రెండు మూడు వేల మందితో పెద్ద సైన్యాన్ని ఓడించి పేరు తెచ్చుకున్న ఓడా నోబునాగా ఒక పక్క, కొండల మధ్య కాయి రాజ్యాన్ని ఏలే తకెదా షింగెన్ ఇంకో పక్క. కత్తి పట్టుకుని పరిగెత్తడం ఉండదు. తెర మీద అంకెలుంటాయి: బియ్యం ఎంత, డబ్బెంత, సైనికులెంతమంది. జనం కడుపు కాల్చి సైన్యాన్ని పెంచుకుంటే కొన్నాళ్లకి ఇంట్లోనే తిరుగుబాటు వస్తుంది. నేను వ్యవసాయం చేసే ఇంట్లో పుట్టినవాణ్ని. యుద్ధానికి ముందు గాదెలో ఎంత ఉందో చూసుకోమనే ఆట నాకు వెంటనే నచ్చేసింది.

క్యాసెట్టు కచో గారి దగ్గర భద్రంగా ఉంది. మెషీన్ మాత్రం మూలపడింది. ఎన్ఈసీ వాళ్ల పీసీ-8801 అది, పవర్ సప్లయ్‌లో కెపాసిటర్లు పోయాయి. దాని రోమ్ చిప్పుల్లో ఉన్నదాన్ని ఆయన రీడర్‌తో జాగ్రత్తగా తీసి ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించారు. కొత్త మెషీన్‌లో పాతదాన్ని అనుకరించే ఎం88 అనే ఎమ్యులేటర్ ప్రోగ్రామ్‌లో పాత కంప్యూటర్ మళ్లీ లేచింది. ఇక టేపులో ఉన్న ఆటని బయటికి తియ్యాలి. దానికి ఒక శనివారం అకిహబారా వెళ్లి, రేడియో విడిభాగాలు అమ్మే ఇరుకు సందుల్లో తిరిగి, పాత డేటా రికార్డర్ ఒకటి కొన్నాం. రబ్బరు బెల్టు సాగిపోయి ఉంది, ఇంకో షాపులో కొత్తది దొరికింది.

ఆ కాలం కంప్యూటర్ టేపులో ప్రోగ్రామంతా శబ్దంగా ఉంటుంది. సున్నాకి ఒక స్వరం, ఒకటికి దానికి రెట్టింపు స్వరం, 1,200 హెర్ట్‌జ్, 2,400 హెర్ట్‌జ్. రికార్డర్ హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి ల్యాప్‌టాప్ మైక్ సాకెట్‌కి వైరు కలిపి, ఆ శబ్దాన్ని ఫైలుగా పట్టి, ఇంకో చిన్న ప్రోగ్రామ్‌తో మళ్లీ బైట్లుగా మార్చాలి. వినడానికి సులువే. ఇరవై ఏళ్లు దాటిన టేపు, ఒక్క చోట శబ్దం మసకబారినా ఆ పైన అంతా పాడే. మొదట్లో ఎప్పుడు పెట్టినా సగంలో ఆగిపోయేది. కచో గారు వాల్యూమ్ పెంచి చూశారు, తగ్గించి చూశారు. హెడ్డుని స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచాం. లాభం లేకపోయింది.

అప్పుడు నాకు మా ఊరి రేడియో షాపు తట్టింది. అమలాపురం దగ్గర మా ఊళ్లో ఒకాయన టేప్ రికార్డర్లు బాగుచేసేవాడు. బడి నుంచి వస్తూ గంటలకి గంటలు అక్కడే నిలబడేవాణ్ని. క్యాసెట్ ఆడుతుండగానే హెడ్డు పక్కనున్న చిన్న స్క్రూని నూలు వాసంత తిప్పేవాడు. అంతవరకు దుప్పటి కప్పుకుని పాడినట్టున్న గొంతు ఒక్కసారి తేటపడేది. హెడ్డు టేపుకి సరిగ్గా నిటారుగా నిలబడటం అందులో రహస్యం. కచో గారిని అడిగి స్క్రూడ్రైవర్ తీసుకుని అదే చేశాను. ఇద్దరం చెరొక ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాం. కీచుమని మొదలయ్యే పొడుగు స్వరం, తర్వాత గరగరమనే డేటా. స్క్రూ తిరిగే కొద్దీ గరగరలో పైస్వరాలు పదునెక్కాయి. "అక్కడే, అక్కడే ఆపు" అని ఆయన నా భుజం గట్టిగా పట్టుకున్నారు. ఈసారి ప్రోగ్రామ్ చివరిదాకా వచ్చింది. రన్ కొట్టగానే ఆట తెర లేచింది. కచో గారు తమ్ముడికి ఫోన్ చేసి, అక్కడ అర్ధరాత్రి అని కూడా చూడకుండా, ఆ శబ్దం వినిపించారు.

అసలు పని అక్కణ్నుంచి మొదలైంది. కోయెయి తొలి ఆటలు బేసిక్‌లో రాసినవి కావడం మాకు వరమైంది. స్టాప్ కీ నొక్కి, లిస్ట్ అని కొడితే ఆట లోపలి సరంజామా అంతా వరసలు వరసలుగా తెర మీదికొస్తుంది. కచో గారి తరం పిల్లలు ఆడుతూ ఆడుతూ మధ్యలో ఆట ఆపి, డబ్బు ఉండే వేరియబుల్‌లో పెద్ద అంకె వేసి, కంటిన్యూ కొట్టేవారట. చాలామంది ప్రోగ్రామింగ్‌లోకి వచ్చింది ఆ దారినే అని ఆయన అనేవారు. ఆయన వచ్చిందీ అలాగే.

అలాంటి పాత కంప్యూటర్లలో కటకానా సగం వెడల్పు అక్షరాలుగా ఉండేది. ఒక్కో అక్షరానికి ఒక బైటు, తెర మీద ఒక గడి. కాంజీ లేదు, మాటల మధ్య ఖాళీ కూడా సరిగ్గా ఉండదు. అందుకే నాలాంటివాడికి చదవడం వచ్చినా అర్థం అందేది కాదు. జపనీస్‌లో ఒకే ఉచ్చారణకి నాలుగైదు అర్థాలుండటం మామూలు. కాంజీ ఉంటే ఏదో తెలిసిపోతుంది, ఉత్త కటకానాలో సందర్భం చూసి పట్టుకోవాలి. నేను ఒక్కో వరసా చదివి నోట్‌బుక్‌లో తెలుగు లిపిలో రాసేవాణ్ని. కచో గారు దాన్ని నా చేత పైకి చదివించుకుని, పక్కన కాంజీ రాసి అర్థం చెప్పేవారు. అలా ఆ ఆట పుణ్యమా అని క్లాసులో ఎక్కని కాంజీ నాకు ఎక్కడం మొదలైంది. బియ్యం, సైన్యం, శిస్తు, కోట, పొత్తు. ఆఫీసులో పనికొచ్చే మాటలేం కావు, కానీ ఒకసారి వచ్చినవి మళ్లీ పోలేదు.

చిక్కంతా జాగాతో వచ్చింది. కటకానాలో షినానో అంటే మూడు గడులు, ఇంగ్లీషులో ఏడు. ఓవారి మూడు, ఇంగ్లీషులో అయిదు. బియ్యానికి రెండు గడులు, ఇంగ్లీషు రైస్‌కి నాలుగు. రాజ్యాల పట్టికలో ఒక్కో పేరు పొడుగైపోయి పక్కనున్న అంకెల్ని తోసేసేది. లొకేట్ అనే ఆజ్ఞతో ఏ మాట ఎక్కడ పడాలో మళ్లీ మళ్లీ సర్దేవాళ్లం. అన్నిటికన్నా అడుగు వరసలో ఒక్క అక్షరం ఎక్కువైతే తెర మొత్తం ఒక వరస పైకి జరిగిపోయి మ్యాప్ చెదిరిపోయేది. బేసిక్‌లో ఒక్కో వరసకి 255 అక్షరాల హద్దు ఉంటుంది, అది దాటితే వరసని రెండుగా విడగొట్టాలి. మాటలు పెరిగేకొద్దీ మెమరీ తరుగుతుంది, దాన్ని కాపాడుకోవడానికి ఎక్కడ వీలైతే అక్కడ అనవసరమైన ఖాళీలు పీకేశాం. రాత్రి పదింటికి ఆఫీసు ఖాళీ అయ్యాక మీటింగ్ రూమ్‌లో గళ్ల కాయితం పరుచుకుని గడులు లెక్కపెట్టుకునేవాళ్లం.

ఆ గళ్ల కాయితం మీద ఒక రోజు సరదాకి రాజ్యాల పేర్లు తెలుగులో రాశాను. ఓవారి, మికావా, షినానో, కాయి, మినో. ఒక్కో అక్షరం ఒక్కో గడిలో పడింది, అన్నీ కటకానాకి సరిగ్గా సమానంగా. మన అక్షరం కూడా పలుకుకి ఒకటే కదా. కచో గారు ఆ కాయితం తీసుకుని చాలాసేపు చూశారు. "మీ లిపి ఆ మెషీన్‌లో ఉంటే మనకి ఇంత శ్రమ ఉండేది కాదు" అన్నారు. ఆయన ఆ కాయితాన్ని తన డెస్క్ పక్కన బోర్డు మీద పెట్టుకున్నారు.

పోలిక కోసం అమెరికా నింటెండో క్యాట్రిడ్జ్‌ కూడా ఒకటి తెప్పించుకున్నాం. అక్కడి అనువాదకులు జాగా కష్టాన్ని ఎంత బాగా దాటారో చూస్తే ముచ్చటేసింది. ఆజ్ఞలన్నీ చిన్న చిన్న మాటలు: గ్రో, హైర్, ట్రైన్, గివ్, బ్రైబ్. అన్నీ ఒప్పుకున్నాను గానీ ఒక్కదాని దగ్గర మనసొప్పలేదు. జపనీస్‌లో 'చిసుయి' అనే పని ఉంది, వరదల్ని అదుపులో పెట్టడం. దానికి వాళ్లు డ్యామ్ అని పెట్టారు. మూడక్షరాల్లో ఇమిడిపోయింది, నిజమే. కానీ నది ఒడ్డున పుట్టినవాడికి డ్యామ్ వేరు, గట్టు వేరు.

1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద మా ఇళ్లల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. నేనప్పుడు చిన్నవాణ్ని. ఏటిగట్టు మీద రాత్రంతా పెట్రోమాక్స్ లైట్లు, మగవాళ్లందరూ ఇసుక బస్తాలు మోస్తున్నారు. లంకల్లోంచి వచ్చినవాళ్లు గేదెల్ని తోలుకుని గట్టెక్కి కూర్చున్నారు. మా నాన్న మోకాలి దాకా బురదతో వచ్చి, గట్టుకి ఎక్కడో గండి పడిందని అమ్మతో చెప్పడం, అమ్మ మాట్లాడకుండా బియ్యం బస్తా మంచం మీదకి ఎక్కించడం నాకు కళ్లకి కట్టినట్టుంది. ఆటలో గట్ల మీద ఖర్చు పెట్టని రాజు రాజ్యాన్ని తుఫాను కొట్టిన చోట నేను ఆ రాత్రినే చూసేవాణ్ని.

ఈ మాట చెబితే కచో గారు ఇంకేం చర్చించలేదు. "ఆదివారం ఖాళీగా ఉంచుకో" అన్నారు. షింజుకులో రైలెక్కి కోఫు వెళ్లాం. స్టేషన్ ముందే తకెదా షింగెన్ విగ్రహం, పెద్ద మీసాలతో కూర్చుని ఉంటాడు. అక్కణ్నుంచి ఇంకాస్త పడమటికి, కమనషి నది ఒడ్డున 'షింగెన్ జుత్సుమి' ఉంది. జుత్సుమి అంటే గట్టే. షింగెన్ కట్టించిన ఏటిగట్టు.

నేను దాన్ని రాజుల కాలం నాటి ఏదో శిథిలం అనుకుని వెళ్లాను. ఇప్పటికీ పని చేస్తున్న గట్టది. మిదాయి అనే ఉపనది కొండల్లోంచి దూకుడుగా వచ్చి కమనషిలో కలిసే చోటు. వరదొస్తే కోఫు లోయంతా మునిగేది. షింగెన్ మనుషులు ఆ దూకుడుకి ఎదురుగా గోడ కట్టలేదు. షోగి (జపాన్ చదరంగం) బిళ్ల మొనలా ఉండే రాతి కట్టడంతో ముందు ప్రవాహాన్ని రెండుగా చీల్చారు. ఆ నీటి ఊపుని ఒక పెద్ద కొండరాయి మీదకి మళ్లించి అక్కడ నీరసపడేలా చేశారు. ఆ దిగువ గట్టుని ఒకటే పొడుగ్గా కాకుండా మధ్యమధ్య ఎడం వదిలి ముక్కలుగా వేశారు. పెద్ద వరదొస్తే కొంత నీరు ఆ ఎడాల్లోంచి వెనక్కి పాకి పొలాల్లో నిలబడి, వరద తగ్గాక తనంతట తనే ఏట్లోకి దిగిపోతుంది. ఒడ్డున 'సెయిగ్యూ' అని కొయ్య దుంగలు కట్టిన చట్రాలున్నాయి. రాళ్లు నింపిన వెదురు బుట్టల బరువుతో అవి నీళ్లలో నిలబడి ప్రవాహం జోరు తగ్గిస్తాయి. నేను ఒక చట్రం పక్కన కూర్చుని దుంగల్ని కట్టిన తీరు చూస్తూ ఉండిపోయాను. మా ఊళ్లో గట్టు పని చేసే పెద్దవాళ్లు దాన్ని చూస్తే ఎన్ని ప్రశ్నలడిగేవారో అనిపించింది.

గట్టు మీద వరసగా పెద్ద చెట్లున్నాయి. వేళ్లు మట్టిని పట్టి ఉంచడానికట. ఏటా ఏప్రిల్‌లో అక్కడ దేవుడి పల్లకీ ఊరేగింపు జరుగుతుంది, అందరూ అడుగులు గట్టిగా వేసుకుంటూ నడుస్తారు, గట్టు మట్టి గట్టిపడాలని. ఇదంతా కచో గారు చెబుతుంటే వింటూ ఆ గట్టు మీద ఆ చివరిదాకా నడిచాను. యుద్ధాల పేరు చెబితే గుర్తొచ్చే షింగెన్ 1573లో పోయాడు. ఆయన గెలిచిన ఏ యుద్ధమూ ఈ గట్టు అంత కాలం జనానికి పనికిరాలేదు. ఆ సాయంత్రం కోఫులో హోతో తిన్నాం. గుమ్మడికాయ ముక్కలేసి మిసో పులుసులో ఉడికించిన వెడల్పాటి గోధుమ పట్టీలు, చలిలో హాయిగా ఉంది.

తిరిగొచ్చాక చిసుయికి ఇంగ్లీషులో గట్టుకు ఉన్న మాటే పెట్టాం. అది డ్యామ్ కన్నా రెండక్షరాలు ఎక్కువ. ఆ రెండు గడుల కోసం ఆ తెరంతా మళ్లీ సర్దాల్సి వచ్చింది. కచో గారు ఒక్క మాటైనా అనకుండా కొత్త గళ్ల కాయితం తీశారు.

పని పూర్తయ్యాక సీడీ వ్యాంకూవర్ వెళ్లింది. దాంతోపాటు కచో గారు చేత్తో గీసిన 17 రాజ్యాల మ్యాప్, వెనక నేను ఇంగ్లీషులో రాసిన చిన్న వివరణ. పిల్లాడు మొదటి రోజే నోబునాగాగా దిగి, పక్క రాజ్యాల మీద పడి, మొత్తం పోగొట్టుకున్నాడు. తర్వాత పెదనాన్నకి ఈమెయిల్ రాశాడు: యుద్ధం ఎలా గెలవాలని కాదు, బియ్యం ఎప్పుడు అమ్మాలి అని. ఆ మెయిల్ ప్రింట్ తీసి కచో గారు నా డెస్క్ మీద పెట్టి వెళ్లారు. కొన్నాళ్లకి ఇంకో మెయిల్ వచ్చింది. షింగెన్‌కి ప్రత్యర్థి అయిన ఉఎసుగి కెన్షిన్‌గా ఆడే వీలు పెట్టమని. లిస్టింగ్ మా చేతిలోనే ఉంది, మార్చడం పెద్ద పనేం కాదు, నాకూ ఉబలాటంగానే ఉంది. కచో గారు ఒప్పుకోలేదు. మాటలు మార్చడం మన పని, ఆట మార్చడం ఎరికావా గారి పని అన్నారు. ఆ గీత ఆయన ఎక్కడ గీశారో నాకు అప్పుడే అర్థమైంది, ఇప్పటికీ అదే సరైందనుకుంటాను.

నేను 2011లో హైదరాబాద్ వచ్చేశాను. కచో గారు ఈమధ్య రిటైరయ్యారు. నెలకోసారి వీడియో కాల్‌లో మాట్లాడుకుంటాం. ఇప్పుడు ఆయన దృష్టి 1981 నాటి కవానకజిమా మీద పడింది. షింగెన్, కెన్షిన్ ఇద్దరే, 1561లో జరిగిన యుద్ధం. తమ్ముడి కొడుకు పెద్దవాడయ్యాడు, కటకానా నేర్చుకున్నాడు, ఈసారి వరసలు చదివే పని తనదే అంటున్నాడు. గడులు లెక్కపెట్టే పని నాకిచ్చారు. కావలసిందల్లా సాగిపోని టేపు ఒకటి. పాత కంప్యూటర్ క్యాసెట్లు దాచుకున్నవాళ్లు మీకు ఎవరైనా తెలిస్తే నాకు చెప్పండి. టేపుని తీసుకుని, ఒకసారి శబ్దం పట్టుకుని, జాగ్రత్తగా తిరిగి ఇచ్చేస్తాం.